రాణి మెడలో మూడో ముడి

"నాటకంల తాళి కడితే ఎన్ని ముడులేస్తరు సారూ?"

తిమ్మప్ప కళ్ళజోడు తీసి, పంచె అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ప్రశ్న అర్థం కాక కాదు. జవాబు చెబితే తన నాటకం కాస్తా నేరమైపోతుందని ఆయనకు అప్పటికే తెలిసిపోయింది.

"రెండు," అన్నాడు చివరికి. "మా గురువుల కాలం నుంచి మా నాటక సమాజంల అంతే. మూడో ముడికి చెయ్యి ఆడిస్తరు గని వెయ్యరు. వేస్తే అది నాటకం కాదమ్మా, పెండ్లి."

"ఆదివారం నాడు రాకేష్ ఎన్ని వేసిండు?"

"మూడు."

"మీరు కండ్లతోని చూసిన్రా?"

"నేనొక్కన్నే గాదు. ముందు వరుసల కూసున్నోళ్ళందరు చూసిన్రు. చప్పట్లు గూడ కొట్టిన్రు."

హాజిరా కుర్చీలోంచి లేచి, మేకప్ గది తలుపు దగ్గరికి వేసింది. గద్వాల చివర ఒక రేకుల షెడ్డు, దాని వెనక ఈ గది. లోపల పగిలిన నిలువుటద్దం, రెండు ఇనుప ట్రంకులు, గోడకు వరసగా కొక్కేలు, ఒక్కో కొక్కెం పైన సుద్దముక్కతో రాసిన పేరు. వనపర్తిలో తప్పిపోయిన మనుషుల్ని వెతికిపెట్టడం హాజిరా పని. పదహారేళ్ళుగా అదే పని. వెతికినవాళ్ళు చాలామందే దొరికారు. దొరికినవాళ్ళందరూ ప్రాణంతో దొరకలేదు. అందుకే ఏ గదిలో అడుగు పెట్టినా ఆమెకు ముందు భయం వేస్తుంది, ఆ తర్వాతే బుర్ర పనిచేస్తుంది.

తప్పిపోయిన పిల్ల పేరు మానస. ఇరవై రెండేళ్ళు. మానవపాడు పక్కన, తుంగభద్ర ఒడ్డు పల్లెకు సర్పంచి. సీటు ఆడవాళ్ళకు రిజర్వు కాగానే ఇసుక కాంట్రాక్టర్ సాయన్న ఏరికోరి నిలబెట్టిన పిల్ల. కూలి చేసుకునేదాని బిడ్డ, చూపించినచోట సంతకం పెడుతుంది, అంతకంటే ఏం చేస్తుందని ఆయన ధీమా. గెలిచిన నెలకే ఆ పిల్ల పోయి సాయన్న ఇసుక లారీలకు అడ్డంగా నిలబడింది. ఆ తర్వాత ఒక ట్రాక్టర్ ఆమె స్కూటీని రాసుకుంటూ పోయింది. ఇంటి మీద రాళ్ళు పడ్డాయి. ఇంటర్ చదివే రోజుల నుంచి తిమ్మప్ప మాస్టారి నాటకాల్లో వేసే పిల్ల కాబట్టి, దసరాకు ఈసారి రాణి వేషం కట్టింది. సాయన్న కొడుకు రాకేష్ ఆమె పక్కన మొగుడి వేషం కట్టాడు. ఆదివారం నాటకం అయిపోయింది. తెర పడ్డాక రాణి మళ్ళీ ఎవరికీ కనపడలేదు.

సోమవారం తెల్లారేసరికి ఆమె తల్లి జమ్ములమ్మ మొదటి బస్సు పట్టుకుని వనపర్తి వచ్చి, హాజిరా ఇంటి గడపలో కూలబడింది. "నేను నాటకం చూడనీకె గూడ పోలే మేడం. పొద్దుగూకెదాంక చేన్ల మొగ్గలు గిల్లుకుంట ఉన్న. నాటకం అయిపోయినంక గూడ బిడ్డ ఇంటికి రాలే," అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. స్టేషన్‌కు పోతే, పెళ్ళయిన పిల్ల కదా, మొగుడొచ్చి చెప్పాలమ్మా అన్నారట. హాజిరా ఆ మాటలకంటే ఆ చేతులనే ఎక్కువ చూసింది. వేళ్ళ కొసలన్నీ పసుపుపచ్చగా ఉన్నాయి. విత్తన పత్తి చేలలో మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు రుద్దే ఆడవాళ్ళ వేళ్ళు అలాగే ఉంటాయి. చిన్నప్పుడు హాజిరా వేళ్ళూ అలాగే ఉండేవి. నిజం చెప్పాలంటే ఆ వేళ్ళను చూసే ఆమె ఈ కేసు ఒప్పుకుంది.

"అసలు మీ నాటకం ఏంది సారూ? కథ చెప్పుర్రి."

తిమ్మప్ప ముప్పై ఏళ్ళు పిల్లలకు చరిత్ర చెప్పిన మనిషి. పాఠం అనేసరికి గొంతులోకి కాస్త ప్రాణం వచ్చింది.

"ఇంగ్లండుల ఎలిజబెత్ అని ఒక రాణి ఉండె. అసలు చరిత్రల ఆమెకు ఇరవై ఐదేండ్లకు గద్దె దొరికింది. పెండ్లి చేసుకోలే. నలభై ఏండ్లు దాటి ఒక్కతే ఏలింది. నేను రిటైరైనంక నాకొక ఆలోచనొచ్చింది. అదే గద్దె పదేండ్ల ముందు దొరికి ఉంటే? తమ్ముడు రాజు, అక్క, ఇద్దరు ఒకటే చలికాలంల జొరమొచ్చి పోయి ఉంటే? పదిహేనేండ్ల పిల్ల గద్దె మీద, చుట్టు తిమింగలాల్లెక్క పెద్దమనుషులు. పెండ్లి చేసుకోకుండ ఉండనిస్తరా?"

"ఉండనియ్యరా?"

"నా నాటకంల ఉండనియ్యరు. పద్దెనిమిది నిండంగనే నౌకాధిపతి వస్తడు. పెండ్లి లేని రాణి తల మెడ మీద నిలవదని బెదిరిస్తడు. ఆమె ఒప్పుకుంటది. చివరి అంకంల రాణి బతికే ఉంటది, కిరీటం మాత్రం మొగుని నెత్తి మీద ఉంటది."

"ఇంగ్లండు రాణికి తాళి యాడిది?"

"తాళి కట్టకుంటె మన జనానికి పెండ్లి అయినట్టు తెల్వదు గదమ్మా. పూసల దండలు మార్పిస్తే ఎవరూ నమ్మరు." ఆయన తల దించుకున్నాడు. "మూడో ముడి పడ్డంక మానస నా దిక్కు చూసింది. తెర పక్కన నిలబడ్డ. ఆ చూపు ఇంక మర్చిపోను. అయినా నాటకం ఆపలే. చివరి అంకం మొత్తం నిజంగనే ఏడ్చింది. ఇంత బాగ ఎప్పుడు చెయ్యలేదని నేనే అనుకున్న."

హాజిరాకు ఆయన మీద కోపం రావాలి. రాలేదు. ఏడుపును నటన అనుకుని చప్పట్లు కొట్టిన జనంలో తానూ కూర్చుని ఉంటే తానూ కొట్టేదేమో అనిపించింది.

"నాటకం అయిపోంగనే బయట ఎవరున్నరు?"

"సాయన్న మనుషులు నలుగురు. కోడలిని ఇంటికి తోలుకపోతమని కారు తెచ్చి గేటు కాడ నిలబెట్టిన్రు. అందరి మొఖాలు చూసుకుంటనే పంపిన్రు. మానస గేటు దాటలే. గోడ దుంకలే. లోపల లేదు."

"గాల్లకైతే పోలే కదా సారూ."

ఆమె కొక్కేల దగ్గరికి వెళ్ళింది. మానస అని రాసిన కొక్కేనికి పచ్చ చుడీదార్, చున్నీ అలాగే వేలాడుతున్నాయి. కింద చెప్పులున్నాయి. రాణి మఖ్మల్ గౌను మూలన కుప్పగా పడి ఉంది. అంటే ఆ పిల్ల ఒంటి మీద లోబట్టలు తప్ప ఏమీ లేకుండా, ఉత్తకాళ్ళతో పోయింది. అలా పోయిన ఆడపిల్లను గేటు దగ్గర నలుగురు మగవాళ్ళు చూడలేదంటే నమ్మడానికి లేదు.

పక్క కొక్కెం మీద షాజియా అని ఉంది. అక్కడ ఏమీ లేదు.

"షాజియా ఎవరు?"

"రాణి చెలికత్తె వేషం. అచ్చంపేట పిల్ల, ఈడ హాస్టల్ల ఉండి చదువుతది. నిన్న ఇంటికి పోయింది."

"నాటకం అయినంక ఫొటో దిగిన్రా?"

దిగారు. తిమ్మప్ప ఫోన్లో ఉంది. నౌకాధిపతి టోపీతో రాకేష్, గడ్డాలు ఊడదీసుకుంటున్న మంత్రులు, చివరన షాజియా. చుడీదార్ మీద చున్నీని తల చుట్టూ గట్టిగా బిగించుకుని, ఫొటోలోంచి ఎప్పుడు తప్పుకుందామా అన్నట్టు నిలబడింది.

"ఈ పిల్ల రోజూ గిట్లనే వస్తదా?"

"లేదమ్మా. బుర్ఖా లేంది బయటికి రాదు. ఆ దినం గూడ దాంతోనే..." ఆయన మాట మధ్యలోనే ఆగిపోయింది.

సాయన్న మనుషులు అందరి ముఖాలూ చూసి పంపారు. ఒక్క ముఖం చూడలేదు. చూపించమని అడిగే ధైర్యం వాళ్ళకు లేకపోయింది.

హాజిరా తిమ్మప్ప దగ్గర నంబరు తీసుకుని, వసారాలోకి వచ్చి షాజియాకు ఫోన్ చేసింది. ఆ పిల్ల ముందు నాకేం తెల్వదంది. మానసక్కను ఆదివారం చూసిందే అంది.

"మంచిది బేటీ. నీ బుర్ఖా వాపస్ వచ్చిందా?"

అటువైపు తలుపు మూసిన చప్పుడైంది. తర్వాత చాలా మెల్లగా, "మీరు ఎవరి తరఫు ఆంటీ?" అని వినిపించింది.

"వాళ్ళమ్మ తరఫు."

ఆ ఒక్క మాటతో తలుపు తెరుచుకుంది. ఫోన్ చేతులు మారింది.

"మేడం, నేను మానసను." గొంతు బొంగురుపోయి ఉంది. "నేను ఒప్పుకోలే మేడం. ముందుగాల ఎవరూ నాకు చెప్పలే. రెండు ముడులు పడ్డంక నేను లేవబోయిన. భుజం పట్టి కూసోబెట్టి మూడోది వేసిండు. అంత మందిల అరిస్తే నాటకం ఖరాబైతదని ఊకున్న. గట్ల ఎందుకు ఊకున్ననో నాకే తెల్వదు."

"నువ్వు చేసిన తప్పు ఏం లేదు. ఇంక ఎవరికన్న చెప్పినవా యాడ ఉన్నవో?"

"లేదు. నా ఫోన్ ఆడనే పడేసిన. ఎల్లుండి గ్రామసభ ఉన్నది. ఇసుక తీర్మానం మీద నాతోని సంతకం పెట్టించుకోనీకె నన్ను గుంజుకపోతరు. సంతకం అయితే పెట్ట. మేడం, ఒక్క పని చేస్తరా? మా అమ్మకొక్కదానికి చెప్పుర్రి, నేను మంచిగున్ననని. ఆమెకు నేను తప్ప ఎవ్వరు లేరు. పరేషాన్ల సచ్చిపోతది."

"చెప్త. నేను సాయంత్రానికల్ల అచ్చంపేట వస్త. నేనొచ్చెదాంక ఆ ఇల్లు కదలకు."

జమ్ములమ్మ నాగర్‌కర్నూల్లో ఉంది. చెల్లెలు సరోజ ఇంట్లో దిగి, బస్టాండులో బిడ్డ ఫొటో చూపించుకుంటూ తిరుగుతున్నానని పొద్దున్నే చెప్పింది. హాజిరా ఫోన్ చేసి, నీ బిడ్డ బతికే ఉందమ్మా అంది. ఈ పనిలో ఆ మాట అనే రోజులు ఎంత తక్కువో ఆమెకే తెలుసు. అంటుంటే కళ్ళు తడిశాయి, దాచుకోలేదు కూడా.

జమ్ములమ్మ ఏడవలేదు. ఊపిరి పీల్చుకున్న చప్పుడు మాత్రం వినిపించింది.

"ఏ ఊర్ల మేడం?"

"అచ్చంపేటల. షాజియా అని వాళ్ళ దోస్తు ఇంట్ల."

"యాడ ఉంటది ఆ ఇల్లు?"

హాజిరా చెప్పింది. ఫోన్లో పిల్లలు చెప్పిన వీధి చెప్పింది, గుర్తు చెప్పింది, మేడ మీద గది అని కూడా చెప్పింది.

తిరిగి గదిలోకి వచ్చాక పని తేలికగా సాగింది. పిల్ల బతికి ఉందని తెలిసిన చేతులు వేరేలా పనిచేస్తాయి. ట్రంకుల వెనక దులిపింది, గౌను మడతలు విప్పింది, అద్దాన్ని గోడ నుంచి పక్కకు జరిపింది. అద్దం వెనక దొరికింది అది. పసుపు తాడు. దానికి ఒక పసుపు కొమ్ము. పక్కనే గడ్డాలు గీసుకునే బ్లేడు. మెడ వెనక పడిన మూడు ముడులు అలాగే ఉన్నాయి. తాడును ముందువైపు కోసి తెంపారు. ముడులు విప్పే ఓపిక కూడా లేనట్టుంది ఆ పిల్లకు. బ్లేడు అంచున ఒక ఎండిన నెత్తుటి చుక్క కూడా ఉంది.

ఒప్పుకుని కట్టించుకున్నదైతే అద్దం వెనకకు ఎందుకు పోతుంది? ఇష్టపడే కట్టించుకుందని రాకేష్ చెప్పబోయే కథ కూలడానికి ఇది చాలు.

తిమ్మప్ప దాన్ని చూసి వెనక్కి జరిగాడు. "ఇది మాది గాదు."

"అంటే?"

"మా నాటకం తాళికి ఇత్తడి బిళ్ళ ఉంటది, వెనక కొక్కెం ఉంటది. పాతది. రంగేసిన తాడు. ఇది కొత్త తాడు, తడి పసుపుల ముంచింది. పసుపు కొమ్ము కట్టిందంటే ఇది ఉత్తిది గాదమ్మా. బంగారం లేనోళ్ళు నిజం పెండ్లికి కట్టేది."

"మరి మీ ఇత్తడిది యాడ పోయింది?"

"ట్రంకుల ఉండాలె. తాళంచెవి ఇంట్ల ఉన్నది."

"పోయి తెండి సారూ. జర జల్ది."

ఆయన పోయి వచ్చేలోగా గేటు దగ్గర కారు ఆగింది. దిగినవాడు బాసిత్. వెనకే రాకేష్.

ఆపా, అంటే అక్కా అని పిలుస్తూ బాసిత్ ఆరేళ్ళు హాజిరా దగ్గరే పని నేర్చుకున్నాడు. మనిషి అడుగుజాడ చూడడం, అబద్ధం చెప్పేవాడి గొంతు వినడం, ఇంటివాళ్ళకు చావు కబురు చెప్పే పద్ధతి, అన్నీ ఆమె నేర్పినవే. తర్వాత గద్వాలలో సొంతంగా ఆఫీసు తెరిచాడు. ఇప్పుడు సాయన్న తరఫున కోడలిని వెతుకుతున్నాడు.

"సలాం ఆపా. ఇంత దూరం వచ్చినవ్, ఒక ఫోన్ చేయకపోతివి."

"నీకు ఫోన్ చేసే పని నాకేమున్నది?" హాజిరా రాకేష్ వైపు తిరిగింది. ఎర్రటి మనిషి, ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. చొక్కా ఇస్త్రీ నలగలేదు. భార్య తప్పిపోయి రెండ్రోజులైన మొగుడి నిద్రలేమి ఆ ముఖంలో ఎక్కడా లేదు. "మూడో ముడి ఎందుకేసినవ్?"

"నా పెండ్లాం. నా ఇష్టం."

"పెండ్లాం ఎప్పుడైంది? ముడి వేసినంకనా, వేయకముందా?"

రాకేష్ బాసిత్ ముఖం చూశాడు. హాజిరా చెయ్యి చాచి పసుపు తాడు చూపించింది. "ఇది నువ్వు తెచ్చినవా?"

"నేనెందుకు తెస్త? పళ్ళెంల ఏముంటె అది కట్టిన. మూడు ముడులెయ్యమన్నరు, వేసిన."

"ఎవరన్నరు?"

"చాలు," అన్నాడు బాసిత్. "ఇంకొక్క మాట మాట్లాడకు రాకేష్. కార్ల కూసో పో."

రాకేష్ వెళ్ళిపోయాడు. వాడి నడకలో భయం లేదు, విసుగు ఉంది. హాజిరా తలుపుకు అడ్డంగా నిలబడింది.

"వాని నాయిననా అన్నది? నాయిన అని ఉంటే నువ్వు ఆపేటోడివి కాదు, సాయన్న ఎవరికీ భయపడడు గద. ఇంకెవరు బాసిత్?"

"నీకెందుకు ఆపా? అంత మంది ముందు తాళి పడింది. ఊరు ఒప్పుకున్నది. పిల్ల అత్తగారింటికి పోతది, సంసారం చేసుకుంటది. పెండ్లి కాని సర్పంచి మీదికి ట్రాక్టర్ పోతుండె, పెండ్లయిన సర్పంచి మీదికి ఎవడూ తోలడు. ఒక తీరుగ చూస్తే మంచిదే."

"నీకు నేను పని నేర్పిన. మనిద్దరం కలిసి ఎన్ని దవాఖానల శవాల కాడ నిలబడ్డం? పెండ్లి కాని పిల్ల పోతే నలుగురు అడుగుతరు. పెండ్లయినామె పోతే పేపర్ల ఏం రాస్తరో నీకు తెల్వదా? కడుపునొప్పి భరించలేక. అంతే గదా. ఆ మూడో ముడి పిల్లను కాపాడనీకె గాదు, పిల్ల పోతే అడిగెటోళ్ళు లేకుండ చేయనీకె."

కడుపునొప్పి అనే మాట దగ్గర బాసిత్ చూపు కిందికి దిగింది. ఆ మాటను వాళ్ళిద్దరూ ఒకే ఏడాది మూడు ఇళ్ళలో విన్నారు. మూడిట్లోనూ ఏమీ చేయలేకపోయారు.

జేబులో ఫోన్ మోగింది. అతను తీసి చెవికి పెట్టుకున్నాడు. అటు మాట్లాడుతున్నది ఎవరో తెలియలేదు. ఇతను "అచ్ఛా" అన్నాడు, "దగ్గరికొచ్చిన్రా" అన్నాడు, "సరే" అన్నాడు. ఫోన్ పెట్టేశాక హాజిరాను చూసిన చూపులో గెలుపు లేదు. గెలుపు ఉన్నా ఆమె భరించేది. అందులో జాలి ఉంది.

"నీ పని నువ్వు మస్తు మంచిగ చేసినవ్ ఆపా," అన్నాడు. "ఇంక ఇంటికి పో."

కారు వెళ్ళిపోయింది. ఆ మాట ఎందుకన్నాడో హాజిరాకు అంతుబట్టలేదు. వెక్కిరింత కాదు. ఆరేళ్ళు పక్కన తిరిగినవాడు, వాడి వెక్కిరింత ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఆ మాటే తలచుకుంటుండగా తిమ్మప్ప వచ్చి, ట్రంకు తాళం తీశాడు. పై మడతలోనే ఉంది ఇత్తడి తాళి. విసిరేసినట్టు లేదు. రాణి మొదటి అంకపు చేతిరుమాలులో పదిలంగా చుట్టి పెట్టారు. ఇంకొకరి వస్తువు పాడు కాకూడదని జాగ్రత్తపడే మనిషి పెట్టినట్టుంది.

రాకేష్ అయితే దీన్ని ఇంత పదిలంగా చుట్టడు.

"సారూ, రాణి తయారయ్యేటప్పుడు ఈ గదిలకు మగోళ్ళు వస్తరా?"

"రారు. అది గూడ మా సమాజం కట్టుబాటే. రాణి గౌను కట్టుకున్నంక తలుపు తీస్తరు. అప్పటిదాంక నేను గూడ బయటనే."

"పళ్ళెం సర్దేది ఎవరు?"

"మామూలుగైతే అమృతమ్మ అని ఉన్నది మా దగ్గర. ఆమెకు జొరం, రాలే. ఆ దినం పళ్ళెం సర్ది మీద గుడ్డ కప్పి ఇచ్చింది జమ్ములమ్మనే."

హాజిరా చెవులు సరిగ్గా వినలేదేమో అనుకుంది. "ఎవరు?"

"మానస వాళ్ళమ్మ. బిడ్డకు తల దువ్వనీకె వచ్చింది గదా, సాయంత్రం. నాటకం మొదలు కాకముందు బస్సు ఉన్నదని వెళ్ళిపోయింది."

నాటకం చూడనీకె గూడ పోలే. పొద్దుగూకెదాంక చేన్ల మొగ్గలు గిల్లుకుంట ఉన్న.

హాజిరా తన వేళ్ళు చూసుకుంది. చిన్నప్పుడు తాను చేసిన పనే అది, ఎలా మర్చిపోయింది? సాయంత్రం మొగ్గలు గిల్లే పని. ఆ పనికి బొటనవేలి గోరు పచ్చిమొగ్గ పసరుతో ఆకుపచ్చగా, ఆ తర్వాత నల్లగా అవుతుంది. పసుపుపచ్చ కాదు. పుప్పొడి రుద్దేది పొద్దెక్కాక, పువ్వు విచ్చుకున్నాకే. సోమవారం తెల్లారకముందే బస్సెక్కిన మనిషి వేళ్ళకు ఏ పువ్వు పుప్పొడి అంటుకుంటుంది? అంటినా నీళ్ళు పోసుకుంటే పోతుంది. నీళ్ళు పోసినా పోనిది ఒక్కటే. తాడును ముంచి, పిండి, ముంచి, పిండి, వేళ్ళ కొసల్లోకి ఇంకిన తడి పసుపు.

ఆ వేళ్ళను చూసే ఆమె కేసు ఒప్పుకుంది. ఆ వేళ్ళను చూసే ఏ ప్రశ్నా వెయ్యలేదు.

"తల్లి గట్ల ఎందుకు చేస్తదమ్మా?" తిమ్మప్ప ట్రంకు మూత దించాడు. ఆయనకే జవాబు దొరుకుతున్నట్టుంది, దొరకకూడదని కోరుకుంటున్నట్టూ ఉంది. "రిహార్సల్స్‌కు రోజూ వచ్చి ఆ మూలకు కూసునేది. బిడ్డ మీదికి ట్రాక్టర్ వచ్చినప్పటి నుంచి ఒంటరిగ పంపకపోతుండె. ఒక దినం నన్ను అడిగింది. సారూ, పెండ్లి చేసుకున్నంక ఆ రాణిని చంపరు గదా, బతకనిస్తరు గదా అని. బతకనిస్తరు అన్న. చేసుకోకుంటెనో అన్నది. చూసినవ్ గదా, తల తీస్తమంటున్రు అన్న. నవ్వుకుంట అన్న."

"అసలు రాణి పెండ్లి లేకుండనే బతికిందని చెప్పలేదా?"

ఆయన అక్కడే ట్రంకు మీద కూర్చుండిపోయాడు. "నాటకం గురించి అడుగుతుందనుకున్న. అసలు చరిత్ర ఆమెకు తెల్వదు. నేను రాసిందే చరిత్ర అనుకున్నది."

సర్పంచి గద్దె మీద ఇరవై రెండేళ్ళ కూతురు, చుట్టూ లారీలు, రాళ్ళు. ఆ తల్లికి ప్రపంచంలో ఒకే ఒక్క రాణి కథ తెలుసు. ఆ కథలో పెళ్ళి చేసుకున్న రాణి బతికింది. పోయి సాయన్న కాళ్ళ మీద పడి ఉంటుంది, నీ కొడుకుతోనే ముడి పెట్టు, నా బిడ్డను బతకనియ్యి అని. సాయన్నకు అంతకంటే ఏం కావాలి? తాడు మాత్రం తానే పసుపులో ముంచుకుంది. ఎంత బీదదైనా బిడ్డ పెళ్ళి ఉత్తుత్తి తాడుతో కాకూడదనుకుంది.

దగ్గరికొచ్చిన్రా, అన్నాడు బాసిత్ ఫోన్లో.

హాజిరా రెండుసార్లు తప్పు నొక్కి, మూడోసారి షాజియాకు ఫోన్ చేయగలిగింది. మోగుతూనే ఉంది. జమ్ములమ్మకు ఇల్లు గుర్తులు చెప్పి గంట దాటింది. నాగర్‌కర్నూల్ నుంచి అచ్చంపేటకు కారులో అంత కూడా పట్టదు. ఎవరి తరఫు అని ఆ పిల్ల అడిగింది. వాళ్ళమ్మ తరఫు అని తాను చెప్పింది. ఇల్లు కదలకు అని కూడా తానే చెప్పింది.

ఫోన్ ఎత్తారు.

"మేడం," అంది మానస. ఆ గొంతులో మొదటిసారి నవ్వు వినిపించింది. "అమ్మకు చెప్పిన్రు గదా, మీకు పుణ్యముంటది. షాజియా చాయ్‌కి పాలు తేనీకె పోయింది. అమ్మ వచ్చింది మేడం. కిటికీలకెల్లి కనపడుతుంది. కార్ల వచ్చింది, ఎవరి కారో ఏమో."

"మానసా, తలుపు తియ్యకు."

"మా అమ్మనే మేడం. మెట్లెక్కుతుంది."

"నేను చెప్పేది విను బేటా. ఆ తాడు పళ్ళెంల పెట్టింది మీ..."

ఫోన్ దేనిమీదో పెట్టిన చప్పుడైంది. పరుగెత్తిన ఉత్తకాళ్ళ చప్పుడైంది. గడియ తీసింది. హాజిరా అరుస్తూనే ఉంది, గద్వాలలో ఆ రేకుల షెడ్డంతా అరుపుతో నిండింది, అచ్చంపేటలో ఎవరికీ వినపడలేదు.

"అమ్మా," అంది మానస.

"భయపడకు బిడ్డా," జమ్ములమ్మ గొంతు ఎంతో నెమ్మదిగా, ఎంతో ప్రేమగా వినిపించింది. "ఇంక నిన్ను ఎవ్వరూ ఏమనరు."

ఆమె వెనక, ఒకటి కాదు రెండు కాదు, చాలా జతల మగ చెప్పులు మెట్లెక్కుతున్నాయి.